మదనపల్లె అత్త, నా ఎక్స్‌రే

మొన్న శుక్రవారం పొద్దున్నే మా అమ్మాయి ఒక ఫారం పట్టుకుని నా దగ్గరకొచ్చింది. వచ్చే ఏడు చేరబోయే యూనివర్సిటీ వాళ్ళ హెల్త్ ఫారం. నాలుగు పేజీలు. ఏ టీకాలు వేయించారు, ఏ మందులు పడవు, కళ్ళజోడు ఉందా... ఇలా సాగుతుంది. మూడో పేజీలో ఒక చోట వేలు పెట్టి, "నాన్నా, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ ఉందా అంట. నో అని టిక్కు పెట్టేస్తున్నా" అంది. అడగడం కాదు, ఊరికే చెప్పడమే.

"ఉండు" అన్నాను.

పిల్ల తలెత్తి చూసింది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా చూసింది. నేనేమో టీ కప్పులోకి చూశాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి "నో" అని మా ఇంట్లో యాభై అరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాం. చాలా గట్టిగా, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

ఆ కథే ఈ టపా. కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

నేను దోహా వచ్చింది 2011లో. బిజినెస్ వీసా మీద వచ్చి, ఇక్కడికొచ్చాక రెసిడెన్సు పర్మిటు కోసం మెడికల్ చేయించుకున్నాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఈ తతంగం చెప్పక్కర్లేదు. లేనివాళ్ళ కోసం... రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఎక్స్‌రే ప్రధానంగా క్షయ కోసమే. కంపెనీ మందూబ్ మమ్మల్ని నలుగురిని తెల్లవారుజామునే తీసుకెళ్ళి లైన్లో నిలబెట్టాడు. ముందూ వెనకా అంతా మేస్త్రీలు, డ్రైవర్లు, హోటల్లో పనిచేసే కుర్రాళ్ళు. చొక్కా విప్పి చల్లటి పలకకి ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టాక సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటూ మేస్త్రీ ఒకటే. నేను ఊపిరి బిగబట్టాను, వదిలాను, ఆఫీసుకి పోయాను, మర్చిపోయాను.

మిగతా ముగ్గురికీ ఫలితం వచ్చేసింది. నాకు మాత్రం మళ్ళీ రమ్మని కబురు.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న తెల్లటి మచ్చ ఉందట. వేరుశనగ గింజంత కూడా లేదు. డాక్టరు తెర మీద చూపిస్తే తప్ప నాకు కనబడలేదు. ఆయన చాలా మామూలుగా అడిగాడు: "నీకు గానీ ఇంట్లో ఎవరికి గానీ టీబీ వచ్చిందా?"

"లేదు."

నా నోట్లోంచి అది ఎంత వేగంగా వచ్చిందంటే, ప్రశ్న పూర్తి కాకముందే వచ్చిందేమో అని ఇప్పటికీ అనుమానం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. రాయచోటి దగ్గర మా ఊరు. విషయం చెప్పగానే అమ్మ నా ఒంట్లో ఎట్లా ఉందని అడగలేదు. మొదట అడిగిందేమిటంటే, "కాయితం మీద ఏమన్నా రాసిచ్చినావా?"

"లేదమ్మా."

"రాయొద్దు." కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "ఆయమ్మే రా. నిన్ను చంకనేసుకుని తిరిగింది కదా, ఆయమ్మ వల్లనే అయ్యుంటాది" అంది.

ఆయమ్మ అంటే మా నాయన అక్క. మా పిల్లలందరికీ మదనపల్లె అత్త. మదనపల్లెలో ఆమె కాపురం ఉండేదేమో, అందుకే ఆ పేరేమో అని నేను ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. కాదట. 1962లో ఆమెకి క్షయ బయటపడితే మదనపల్లె శానిటోరియంలో పద్నాలుగు నెలలు ఉంచారట. పెళ్ళయి రెండేళ్ళు. నయమయి తిరిగొచ్చింది. మొగుడి ఇంటివాళ్ళు రానివ్వలేదు. పుట్టింట్లో వెనక గదిలో, తన పళ్ళెం, తన గ్లాసు, తన చెంబుతో మిగిలిపోయింది. నాకు ఊహ తెలిసేసరికి ఆ పళ్ళెం అటక మీద విడిగా ఉండేది. అత్తకి ఆచారం ఎక్కువ అనుకునేవాణ్ణి.

మదనపల్లె శానిటోరియం గురించి మన వైపు పాతతరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిషన్ సంస్థలు కొన్ని కలిసి 1910లలో కట్టాయి. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోత్-మోలర్ మొదటి సూపరింటెండెంటు. మెట్ట ప్రాంతం, పొడి గాలి, మంచి తిండి, విశ్రాంతి... మందులు లేని రోజుల్లో వైద్యం అంటే అదే. మన దేశంలో బిసిజి టీకా 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అంటే మన భుజాల మీదున్న ఆ గుండ్రటి మచ్చకీ ఆ ఊరికీ చుట్టరికం ఉందన్నమాట.

సరే, దోహాకి తిరిగొద్దాం. కళ్ళె పరీక్ష చేశారు, మూడు రోజులు వరసగా. క్రిమి లేదు. రక్త పరీక్ష ఒకటి చేశారు. అది పాజిటివ్. డాక్టరు చెప్పిందాని సారాంశం ఇది: ఎప్పుడో, బహుశా చిన్నప్పుడు, క్షయ క్రిమి నీ ఊపిరితిత్తిలోకి వచ్చింది. నీ ఒళ్ళు దాన్ని కట్టడి చేసింది. ఆ కట్టడి మిగిల్చిన సున్నపు ముద్ద ఈ మచ్చ. నీకు జబ్బు లేదు, నీ నుంచి ఎవరికీ అంటదు. పో, పని చేసుకో.

నాకు పర్మిటు వచ్చింది. కానీ ఒక ప్రశ్న పట్టుకుంది. క్రిమి వచ్చింది అంటాడు, జబ్బు లేదు అంటాడు. రెండూ ఎలా కుదురుతాయి? మనకి బళ్ళో చెప్పింది వేరు కదా. క్రిమి వస్తే జబ్బు, క్రిమి పోతే ఆరోగ్యం. స్విచ్చు వేస్తే లైటు వెలిగినట్టు. కోడు రాసుకునేవాణ్ణి, నాకు ఒకటీ సున్నా తప్ప మధ్యలో ఇంకేముంటుందో తెలీదు. అప్పటినుంచి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో చెబుతాను.

క్షయ క్రిమిని రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో లోకానికి చూపించాడు. (అందుకే మార్చి 24 క్షయ దినం.) అప్పటిదాకా వంశపారంపర్యం అనీ, గాలి దోషం అనీ రకరకాలుగా అనుకున్న జబ్బుకి ఒక క్రిమి దొరికింది. గొప్ప విషయమే. కానీ దాంతో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది, క్రిమీ జబ్బూ ఒకటేనని అనుకోవడం. దాన్ని ఒప్పుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు. మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే పెద్దాయన, డెబ్భై దాటిన మనిషి, 1892లో కలరా క్రిములున్న ద్రవాన్ని అందరి ముందూ గటగటా తాగేశాడు. కాస్త విరేచనాలయ్యాయి, అంతే. క్రిమి ఒక్కటే చాలదని ఆయన వాదం. క్రిమి నేలలో మారితే తప్ప కలరా రాదన్నంత దూరం పోయాడు కాబట్టి చివరికి తప్పయ్యాడు. కానీ ఒకే క్రిమి ఒకణ్ణి చంపి ఇంకొకణ్ణి ఎందుకు వదిలేస్తుందన్న ఆయన ప్రశ్న మాత్రం తప్పు కాదు.

క్షయ క్రిమి ఏం చేస్తుందో చూడండి. ఎవరో దగ్గుతారు. తుంపర్లలో చాలా చిన్నవి ఆరిపోయి, గాలిలో గంటల తరబడి తేలుతుంటాయి. వాటిని మనం పీలుస్తాం. ఊపిరితిత్తి అడుగున చిన్న చిన్న గాలి సంచుల దాకా పోతాయి. అక్కడ కాపలా కాసే కణాలు, మాక్రోఫేజ్ అంటారు, వచ్చినదాన్ని మింగేస్తాయి. మింగి, ఒక సంచిలో పెట్టి, ఆ సంచిని ఆమ్లం ఉన్న ఇంకో సంచితో కలిపి అరిగించేస్తాయి. మామూలు క్రిముల కథ అక్కడితో సరి. ఈ క్రిమి మాత్రం ఆ రెండు సంచులూ కలవకుండా ఆపేస్తుంది. జీర్ణం కావాల్సిన చోటే కాపురం పెడుతుంది! మన పోలీసు స్టేషన్లోనే దొంగ అద్దెకి దిగినట్టు.

పైగా దానికి తొందర లేదు. పేగుల్లో ఉండే మామూలు క్రిమి అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. ఇది రెండవడానికి ఇంచుమించు ఇరవై గంటలు తీసుకుంటుంది. మైనం లాంటి మందపాటి తొడుగు కప్పుకుని ఉంటుంది. అందుకే దీనికి మందు వారం పది రోజులు కాదు, నెలల తరబడి.

అప్పుడు ఒళ్ళు ఇంకో పని చేస్తుంది. చంపలేకపోతే చుట్టూ గోడ కడుతుంది. రకరకాల రక్షక కణాలు వచ్చి ఆ చోటుని చుట్టుముట్టి ఒక గడ్డలా తయారవుతాయి. లోపల క్రిమి, చుట్టూ కాపలా. ఎక్కువమందిలో కథ అక్కడే ఆగిపోతుంది, ఏళ్ళ తరబడి, చచ్చేదాకా కూడా. ప్రపంచంలో నాలుగో వంతు మందికి ఈ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అలా సోకినవాళ్ళలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మంది. ఇంకో చిత్రం, నాకు చేసిన లాంటి రక్త పరీక్ష పాజిటివ్ వస్తే క్రిమి ఇంకా బతికే ఉందని కూడా అర్థం కాదు. ఒంటికి దాని జ్ఞాపకం ఉందని మాత్రమే.

మరి జబ్బెప్పుడు? గోడ చెడినప్పుడు. ఇక్కడ నన్ను బాగా ఆశ్చర్యపరిచిన సంగతి చెబుతాను. ఈ క్రిమి కలరా క్రిమిలాగా విషం కక్కి పేగుల్ని పిండేసే రకం కాదు. క్షయలో ఊపిరితిత్తి తినేసినట్టయి గుంత పడుతుంది చూడండి, ఆ విధ్వంసంలో పెద్ద భాగం మన సొంత రక్షణ వ్యవస్థ పోరాటమే. క్రిమిని చంపబోయి మన ఇంటినే కూల్చుకుంటాం. ఆ గుంత గాలి గొట్టంలోకి తెరుచుకుంటే దగ్గుతో క్రిమి బయటపడి ఇంకొకరిని వెతుక్కుంటుంది. అంటే దానికి మన పోరాటమే దారి. రుజువేమిటంటే, హెచ్ఐవి బాగా ముదిరి రక్షణ శక్తి పడిపోయినవాళ్ళకి క్షయ వస్తే ఒంట్లో క్రిములు విపరీతంగా ఉన్నా గుంతలు మాత్రం తక్కువ. కొట్లాడేవాడే లేడు కదా.

అలాగని కొట్లాట మానేస్తే పోదు. కీళ్ళవాతానికి వాడే ఒక రకం ఇంజెక్షన్లు టిఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. గోడ నిలబడ్డానికి కావాల్సిన సున్నం అదే. ఆ మందు తీసుకున్న కొందరిలో ఎప్పటిదో పాత క్షయ లేచి కూర్చుందని 2001లో డాక్టర్లు గుర్తించారు. ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేస్తారు. తక్కువైనా కష్టం, ఎక్కువైనా కష్టం. ఒళ్ళూ క్రిమీ మధ్య ఏదో ఒప్పందం, అంతే.

ఇది క్షయ ఒక్కదాని సంగతే అనుకోకండి. మా ఖతార్ కథే ఒకటి ఉంది. 2012లో సౌదీలో మెర్స్ అని కొత్త వైరస్ బయటపడింది. జబ్బుపడ్డట్టు లెక్కకొచ్చినవాళ్ళలో నూటికి ముప్పై అయిదుగురి దాకా పోయారు. 2013 అక్టోబరులో ఖతార్‌లో ఒక ఫారానికి సంబంధించిన ఇద్దరికి వస్తే, అక్కడున్న 14 ఒంటెల ముక్కుల్లో పరీక్ష చేశారు. మూడింటిలో అదే వైరస్. ఆ ఒంటెలకి ఏమైంది? మహా అయితే జలుబు. ఆ వైరస్ పట్టుకునే కొక్కెం లాంటి పదార్థం ఒంటెకి ముక్కులో ఉంటుంది, మనిషికేమో ఊపిరితిత్తి అడుగున. అదే వైరస్ ఒకచోట తుమ్ము, ఇంకొకచోట చావు. షహానియాలో ఒంటెల పందేలకి వెళ్ళినప్పుడల్లా వాటి ముక్కుల వైపు చూసి ఇదే అనుకుంటాను. జబ్బు ఎవరి దగ్గరుంది, వైరస్ దగ్గరా, మన దగ్గరా? ఇద్దరి దగ్గరా కాదు. కలిసిన చోట ఉంది.

ఇంత చదివాక మదనపల్లె అత్త మళ్ళీ గుర్తొచ్చింది. "ఆయమ్మ వల్లనే" అంది కదా అమ్మ. లెక్క వేసి చూశాను. ఆమె వైద్యం ముగిసింది 1963లో. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పొట్లాలు పొట్లాలుగా మందు పొడి, కడుపులో తిప్పేదట. మొత్తం తీసుకుంది. కళ్ళెలో క్రిమి లేదని చూసే పంపారు. నేను పుట్టింది 1977లో. పక్షవాతం వచ్చి పోయేదాకా, అంటే నాకు పద్నాలుగేళ్ళు వచ్చేదాకా, ఆమె దగ్గింది నాకు గుర్తు లేదు. నాకు సోకింది ఎక్కడో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. రాయచోటి బస్సులో కావచ్చు, టూరింగు టాకీసులో కావచ్చు, లెక్కల ట్యూషన్లో కావచ్చు. ప్రపంచంలో ఏటా వచ్చే క్షయ కేసుల్లో నాలుగో వంతు మన దేశంలోనే. అంత గాలి పీల్చి పెరిగాను, ఒక్క మనిషినే ఎందుకు పట్టుకోవాలి?

ఇంకో సంగతి. క్షయ పళ్ళెంతో, గ్లాసుతో అంటదు. గాలితో అంటుతుంది. మూసిన గదిలో ఎక్కువ అంటుతుంది, ఎండా గాలీ ఆడితే తక్కువ. మా ఇంట్లో అత్త పళ్ళెం వేరు చేశారు. చలిగాలి తగులుతుందని ఆమె గది కిటికీ మాత్రం మేకులు కొట్టి మూసేశారు. ఒకవేళ నిజంగా జబ్బుండి ఉంటే, చేయాల్సింది సరిగ్గా తలకిందులుగా చేశామన్నమాట! (ఇక్కడ మెసైమీర్‌లో మే నెల నుంచి సెప్టెంబరు దాకా నా కిటికీలూ మూసే ఉంటాయి, ఏసీ కోసం. కాబట్టి పెద్దవాళ్ళని ఎగతాళి చేయడానికి నాకేం హక్కు లేదు.)

మనసు కష్టపెట్టిన సంగతి ఇది కూడా కాదు. 1956లో మద్రాసులో క్షయ మందుల కేంద్రం ఒకటి పెట్టారు. అక్కడ రెండు వందలకి కొంచెం తక్కువమంది పేద రోగుల్ని తీసుకుని, సగంమందిని శానిటోరియంలో ఉంచారు, సగంమందికి ఇంట్లోనే మందులిచ్చారు. ఇరుకు ఇళ్ళు, చాలని తిండి. ఏడాది తర్వాత చూస్తే నయమైనవాళ్ళు రెండు చోట్లా ఇంచుమించు సమానం. ఇంట్లో రోగిని ఉంచుకున్న కుటుంబాల్లో కొత్తగా జబ్బు పెరగలేదు. అంటించేది ఎక్కువగా మందు మొదలుపెట్టకముందే అని తేలింది. ఈ ఫలితం 1959లో అచ్చయింది. ప్రపంచమంతటా శానిటోరియంలు మూతపడడానికి అది ఒక కారణం. అత్తని మొగుడి ఇంటివాళ్ళు గుమ్మంలోంచి తిప్పి పంపింది 1963లో. మాకు దగ్గర్లోనే ఉన్న మద్రాసు నుంచి మా ఊరికి ఆ కబురు నాలుగేళ్ళలో రాలేదు. నిజం చెప్పాలంటే ఇంకా రాలేదు.

ఎలా తెలుసంటే, 2014లో మా ఊరి అబ్బాయి ఒకడు, నాకు వరసకి తమ్ముడు, గల్ఫ్‌కి వద్దామని ఏజెంటుకి డబ్బు కట్టాడు. ఊరొదలకముందే మెడికల్ ఉంటుంది కదా. గల్ఫ్ వీసాల మెడికల్లో జబ్బు లేకపోయినా, ఊపిరితిత్తిలో పాత మచ్చ కనబడితే చాలు, అన్‌ఫిట్ అని కొట్టేసే పద్ధతి ఉంది. వాడికి కొట్టేశారు. ఫోన్ చేసి ఏడ్చాడు. "అన్నా, నాకు దగ్గు కూడా లేదు కదన్నా" అని. తర్వాత ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె చూపిస్తే ఏమీ లేదన్నారు. మందు కూడా అక్కర్లేదన్నారు. కానీ ఆ ముద్ర ఊళ్ళో తెలిసిపోయింది. కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయింది. ఏజెంటు డబ్బు సగమే తిరిగిచ్చాడు.

మనుషుల్ని పరీక్ష చేయొద్దని నేననను. దగ్గే మనిషిని గుర్తుపట్టి మందివ్వకపోతే లేబర్ క్యాంపులో పది మంది ఒకే గదిలో పడుకునే చోట ఏమవుతుందో ఊహించుకోగలను. నేనడిగేది వేరే. ఒంటిని అడిగితే అది "ఇంత ఉంది, ఇలా ఉంది, ప్రస్తుతానికి ఇలా" అని చెబుతుంది. మనం రాసుకునే కాయితంలో మాత్రం రెండే గళ్ళు. నాకు మచ్చ కనబడితే మళ్ళీ పిలిచి, కళ్ళె చూసి, రక్తం చూసి, పో అన్నారు. వాడికి మచ్చ కనబడితే ముద్ర వేశారు. ఇద్దరివీ పక్కపక్కన పెడితే ఏది సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు మచ్చో, ఏది మేస్త్రీ మచ్చో ఏ డాక్టరూ చెప్పలేడు.

అప్పుడు నేనేం చేశానో కూడా చెప్పాలి. వాడికి ముప్పై వేలు పంపాను. ధైర్యం చెప్పాను. "నాకూ సరిగ్గా అదే మచ్చ ఉంది రా" అని మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే... అమ్మ మాట. కాయితం మీదా వద్దు, నోటి మీదా వద్దు. ఊళ్ళో తెలిస్తే రేపు నా పిల్లకి సంబంధాలు అన్న ఆలోచన, అప్పటికి దానికి ఆరేళ్ళు! చదువుకున్నదంతా చదువుకుని, చివరికి నేనూ గోడ కట్టే పనే చేశాను.

2023లో నాకు షుగరు బయటపడింది. మన గల్ఫ్ తెలుగువాళ్ళలో ఇదేం వింత కాదు. పొద్దున్నుంచి కుర్చీ, రాత్రి బిర్యానీ. షుగరున్నవాళ్ళకి క్షయ తిరగబెట్టే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు. అంటే ఇన్నేళ్ళూ నడిచిన ఒప్పందంలో మా వైపు కాపలా పలచబడుతోందన్నమాట. డాక్టరు మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ కళ్ళె చూసి, జబ్బు లేదని తేల్చుకుని, ముందు జాగ్రత్తగా రిఫాంపిసిన్ నాలుగు నెలలు వేసుకోమన్నారు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, కంగారు పడకండి అని ముందే చెప్పారు. ఈ మందు వల్ల కొన్ని షుగరు మాత్రలు త్వరగా అరిగిపోతాయట, అందుకని ఆ డోసూ మార్చారు. లివరు పరీక్షలూ చేశారు. నాలుగు నెలలు పూర్తి చేశాను. ఇంట్లో అడిగితే విటమిన్ మాత్రలన్నాను. మా ఆవిడకి కూడా. అవును, తిట్టండి. ఆవిడ ఇప్పటికే తిట్టేసింది.

ఇదంతా మొన్న శుక్రవారం టీ చల్లారిపోయేదాకా మా అమ్మాయికి చెప్పాను. మదనపల్లె అత్త పేరు కూడా చెప్పాను, ఆమె అసలు పేరు. ఇన్నేళ్ళలో ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. పిల్ల అంతా విని రెండే ప్రశ్నలు వేసింది. "నాకు అంటుకుని ఉంటుందా?" లేదమ్మా, నిద్రపోయేది అంటదు, నీకూ పరీక్ష చేయిస్తారు, ఉంటే మందుంది అన్నాను. రెండోది: "ఆ అత్తమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదా?" లేదన్నాను. "ఎవరూ అడగలేదా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఫారంలో "యెస్" దగ్గర టిక్కు పెట్టింది. కింద వివరాలు అని రెండు గీతలు ఉన్నాయి. రెండు గీతల్లో ఎంత పడుతుంది? "నాన్నమ్మ తరంలో ఒకరికి, 1962, పూర్తిగా నయమైంది. తండ్రికి సోకింది, జబ్బు రాలేదు, మందు వాడారు" అని చిన్న అక్షరాలతో రాసింది.

సాయంత్రం ఊరికి ఫోన్ చేశాను. అమ్మకి కాదు, ఆ తమ్ముడికి. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్ళు దాటింది, ఇప్పటికీ దగ్గు లేదు. నా మచ్చ సంగతి చెప్పాను. 2011 నుంచీ ఉందని చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. వెనక ఆటో ఇంజను చప్పుడు వినబడుతోంది.

"అప్పుడే చెప్పింటే బాగుండు కదన్నా" అన్నాడు. "మా నాయన పొయ్యేదాకా నాకు జబ్బే అనుకున్యాడు. నీ పేరు చెప్పింటే నమ్మేటోడు."